ప్రభుదాస్ గారు డిక్లేర్ చేసిన సరుకు

శనివారం పొద్దున ప్రభుదాస్ గారు పెట్టుకున్న పని ఒక్కటే. కెనడాలోని విండ్సర్‌లో కారెక్కి, బోర్డర్ టన్నెల్ దాటి, అమెరికా వైపు డెట్రాయిట్‌లో ఒక పార్సెల్ తీసుకుని తిరిగి రావడం. పార్సెల్ ఆయనది కాదు, ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కాలేజీ కుర్రాడు షాలేమ్ రాజుది. అమెరికా అడ్రసుకైతే సామాను త్వరగా వస్తుంది గాని, ఆ కుర్రాడికి అమెరికా వీసా లేదు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ప్రభుదాస్ గారికి కెనడా పాస్‌పోర్టు ఉంది, కారుంది, ఆవేళ సెలవు కూడా ఉంది.

"అంకుల్, బాక్స్‌లో సర్క్యూట్ బోర్డులుంటాయి. సోమవారం ప్రెజెంటేషన్. అవి రాకపోతే నా సెమిస్టర్ పోయినట్టే," అన్నాడు షాలేమ్ రాజు. "బోర్డర్‌లో అడిగితే కాలేజీ ప్రాజెక్ట్ పార్ట్స్ అని ఒక్క ముక్క చెప్పి రసీదు చూపించండి. ఇంకేం చెప్పొద్దంకుల్, ప్లీజ్."

"నాకు తెలీదేంట్రా! ఒక్క ముక్కే," అన్నారు ప్రభుదాస్ గారు.

ఆ మాట వినగానే ఆయన భార్య ప్రేమజ్యోతి స్టవ్ కట్టేసి కోటు వేసుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒక్క ముక్కతో ఆగిన సందర్భం ఆమెకు గుర్తులేదు.

షాలేమ్ రాజు తయారుచేసింది చేతుల్లో ఇమిడిపోయే గేమ్ మిషను. ఒకప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న పాతకాలపు గేములు అందులో ఆడుకోవచ్చు. దాని డిజైను ఓపెన్ సోర్స్. అంటే ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో అందరికీ ఇచ్చేశారు, కావలసినవాళ్లు తీసుకుని తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. మనవాడు బటన్లు మార్చాడు. జనవరి చలిలో బస్‌స్టాపులో నిలబడి, గ్లోవ్స్ తీయకుండా నొక్కగలిగేలా వాటిని పెద్దవి చేసి, అందుకోసం లోపలి బోర్డంతా మళ్లీ గీశాడు. మొదటి మిషను ప్రభుదాస్ గారి చేతిలోనే పెట్టాడు. అప్పట్నుంచీ ఆయన దాన్ని జేబులో వేసుకునే తిరుగుతున్నారు. చర్చిలో చూపించారు, ఫ్యాక్టరీలో చూపించారు, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని కూడా చూపించారు.

పార్సెల్ చక్కగా దొరికింది. తిరుగు దారిలో కెనడా వైపు బూత్‌లో ఉన్న ఆఫీసరమ్మ, వెనక సీట్లో డబ్బా ఏమిటని అడిగింది. ఇంగ్లీషులో నడిచిన ఆ సంభాషణను మన భాషలో చెప్పుకుందాం.

"కాలేజీ ప్రాజెక్ట్ పార్ట్స్ మేడమ్," అన్నారు ప్రభుదాస్ గారు.

ఆవిడ రసీదు చూసి తిరిగి ఇచ్చేసింది. ఇస్తూ ఇస్తూ మర్యాదకి, "ఏం ప్రాజెక్టు?" అంది.

ప్రభుదాస్ గారి చెయ్యి జేబులోకి వెళ్లింది. మిషను బయటికి వచ్చింది.

"ఇదే మేడమ్! మా బేస్‌మెంట్‌లోనే తయారైంది."

"ఒక్కరే చేశారా?"

ఒక్కడే అంటే ఆవిడ కంటికి ఆనదేమో అనిపించింది ఆయనకి. "ఆరుగురున్నారు మేడమ్. రాత్రీ పగలూ పనే!"

ఆరుగురున్న మాట నిజమే, అద్దెకి. రాత్రీ పగలూ పని మాటా నిజమే, ఎవరి గోడౌన్ ఉద్యోగంలో వాళ్లకి.

"అమ్ముతారా?"

"జనం ఎగబడుతున్నారు! వాన్, కిచెనర్ ఊళ్ల నుంచి రోజూ ఫోన్లే!"

వాన్‌లో ఉన్నది ఆయన తోడల్లుడు. కిచెనర్‌లో ఉన్నది తోడల్లుడి కొడుకు.

"మరి ఇందులో గేములు ఎవరివి?"

"ఎవరివేంటి మేడమ్, ప్రపంచంలో ఉన్నవన్నీ ఉన్నాయి!"

ప్రేమజ్యోతి ఆయన తొడ గట్టిగా గిల్లింది. "ఏవండీ, ఇక నోరు ముయ్యండి. వాడు స్టడీ పర్మిట్ మీదున్నాడు, వ్యాపారమంటే వీసాకే ఎసరు. మీరు వాడి చేత ఫ్యాక్టరీ పెట్టించేశారు!"

అప్పటికే ఆలస్యమైంది. కారు పక్కకి పెట్టి డబ్బాతో లోపలికి రమ్మంది ఆఫీసరమ్మ. ఆవిడ లెక్క ప్రకారం ఇప్పుడది బేస్‌మెంట్ ఫ్యాక్టరీ, ఆరుగురు పనివాళ్లు, దొంగ గేములు. వ్యాపారం సరుకైతే కాగితాలన్నీ వచ్చేదాకా డబ్బా ఇక్కడే ఉండాలంది. ప్రభుదాస్ గారికి సోమవారం గుర్తొచ్చింది.

ఆయన మొహం చూసి ఆవిడకి జాలేసినట్టుంది. మిషను అటూ ఇటూ తిప్పి, ఒక దారి చూపించింది.

"చూడండి సార్. ఇది స్టూడెంట్ చేసిన ఆటబొమ్మ. అమ్మకానికి కాదు, చెప్పుకోదగ్గ విలువా లేదు. అంతేనా? అవునంటే వెళ్లిపోవచ్చు."

"అవుననండి," అంది ప్రేమజ్యోతి. "త్వరగా అనండి!"

"అమ్మకానికి కాదు మేడమ్," అన్నారు ప్రభుదాస్ గారు. విలువ లేదన్న రెండో ముక్క మాత్రం బయటికి రాలేదు. షిఫ్టు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా బల్ల ముందు కూర్చుని, టంకం పొగలో కళ్లు నలుపుకుంటూ వైర్లు అతికించుకునే కుర్రాడు ఆయన కళ్లలో మెదిలాడు.

"మేడమ్, ఆ ఆరుగురూ అద్దెకున్న పిల్లలు. ఫోన్లు మా తోడల్లుడివి. గేములంటారా, చేసినవాళ్లు ఫ్రీగా ఇచ్చినవే వాడు పెడతాడు, నేను బతిమాలినా వేరేవి పెట్టలేదు. నేను కోసినవన్నీ కోతలే. నన్ను అబద్ధాలకోరని రాసుకోండి. కానీ దీనికి విలువ లేదని మాత్రం నా నోటితో అనను. మీ గ్లోవ్స్ వేసుకుని ఒక్కసారి నొక్కి చూడండి!"

ప్రేమజ్యోతి కోపం ఎటు పోయిందో తెలీదు. మొగుణ్ణి చూస్తే ఆమెకు గర్వంగా అనిపించింది.

ఆఫీసరమ్మ నిజంగానే గ్లోవ్స్ వేసుకుని నొక్కి చూసింది. ఇంకోసారి నొక్కింది. తర్వాత ఆ కుర్రాడికి ఫోన్ కలపమని, స్పీకర్‌లో అదే ప్రశ్న అడిగింది.

"ఉత్తి బొమ్మ మేడమ్!" అన్నాడు షాలేమ్ రాజు ఊపిరి తీసుకోకుండా. "విలువేం లేదు. డిజైన్ ఫ్రీ, ఎవరైనా చేసుకోవచ్చు. అమ్మడం లేదు."

ఆవిడ తలాడించి డబ్బా తిరిగి ఇచ్చేసింది. గ్లోవ్స్ విప్పకుండానే, ఆ డిజైను నెట్‌లో ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని రాసుకుంది. "స్తోత్రం ప్రభువా!" అనుకుంటూ ప్రేమజ్యోతి కారెక్కింది. ప్రభుదాస్ గారు ఇంటి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

గుమ్మంలోనే షాలేమ్ రాజు పరుగెత్తుకొచ్చి చేతులు చాచాడు. "థాంక్స్ అంకుల్! బోర్డులు!"

ప్రభుదాస్ గారు డబ్బా చంకలో ఇరికించుకున్నారు. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"ఉత్తి బొమ్మా? విలువ లేదా? అదీ ఆఫీసర్ ముందు! మా షాలేమ్ రాజు చేసినదాన్ని అంత మాట అనడానికి నువ్వెవడివిరా?"

షాలేమ్ రాజును అవమానించినందుకు షాలేమ్ రాజు క్షమాపణ చెప్పుకున్న తర్వాతే డబ్బా విడుదలైంది.