పుటల తారుమారు పర్వము

శ్రీమత్కృష్ణవేణీ తరంగశీకర శీతలమని కవులెంత పొగడినను, వైశాఖ మార్తాండ ప్రచండ కిరణములకు పెనము మీది పెసరట్టువలె మాడిపోవుచున్న విజయవాటికా మహాపట్టణమునందు, క్రీస్తుశకము పందొమ్మిదివందల తొంబది యెనిమిదవ వత్సరమున, ఏలూరు రోడ్డుపై ఒక ఘోరసంగ్రామము జరిగెను. వినుడు!

పటమటపుర పుంగవుడును, ఫిలిం సొసైటీ కార్యదర్శియును, పరభాషాచిత్ర వీక్షణ ధురంధరుడును అగు హేమసుందర్, "ముప్పావు నిశ్శబ్దము" అను ప్రయోగ నవలను రెండుమార్లు చదివితినని పదేండ్లుగా కోతలు కోయుచుండెను. తీసిన రెండు చిత్రములును శుక్రవారముదయించి శనివారమస్తమించిన యొక దర్శకమహాశయుడు వ్రాసిన ఆ నూరుపుటల గ్రంథపు అచ్చు ఎన్నడో ఆగిపోయెను. ఎవ్వరికిని అర్థము కాదను కీర్తి మాత్రము ఆగలేదు. పాపము, మనవాడు దాని అట్టయైనను చూచి యెరుగడు. ఆ సాయంకాలమే ఆ నవలపై సొసైటీ సభ. "నేనూ చదివానండీ. మీరు పుస్తకం తెచ్చి మాట్లాడండి, చూద్దాం" అని ప్రతిపక్షవీరుడు మాణిక్యం సవాలు విసిరియుండెను. పదేండ్ల పరువు గాలిలో దీపమయ్యెను.

అంతట హేమసుందర్, ఏలూరు రోడ్డు బైండరు నవాబ్ వద్ద ఒక ప్రతి కలదని విని, స్వేదధారాప్లావిత ఖద్దరు లాల్చీధారియై, సిటీబస్సు రథము ఫుట్‌బోర్డు నుండి లంఘించి, దుకాణమును ముట్టడించెను. అచ్చటనే కూర్చుండి గ్రంథమాసాంతము చదివి తెల్లబోయెను. అయ్యయ్యో, అంతయు అర్థమయ్యెను! గన్నవరం అబ్బాయి, కొండపల్లి అమ్మాయి, చిన్న అపార్థము, పెండ్లి.

"నవాబ్ గారూ! ఏ పాపాత్ముడీ మహాగ్రంథమును ఇట్లు సుబోధము గావించెను?" అని సింహనాదము చేసెను.

"నేనేనండీ," అనెను నవాబ్, చేతి జిగురు తుడుచుకొనుచు. "ఒకటో పేజీ తర్వాత ఎనభై మూడు, దాని తర్వాత పన్నెండు! ప్రెస్సువాళ్ల తప్పనుకున్నానండీ. కాగితానికి ఒకవైపే అచ్చు కదా, ఊడదీసి, నెంబర్ల వరసన పెట్టి కుట్టేశాను."

"హతవిధీ! ఆ తప్పే కదా ప్రయోగము! తక్షణమే కలిపివేయుడు!"

"పేకముక్కల్లాగానా? ముప్పై ఏళ్ల సర్వీసండీ నాది. నా చేత్తో ఆ పని చెయ్యను."

వీరుడు కత్తి దూసి, తానే కుట్టు త్రెంచెను. సీలింగుఫ్యాను వాయవ్యాస్త్రమునకు నూరు పుటలును నలుదిక్కుల ఎగిరెను. బల్లక్రింద ప్రాకి, చేతికందిన వరుసలో ఏరి తెచ్చెను. నవాబ్ మొగము చిట్లించుకొని కుట్టెను.

సభలో హేమసుందర్ గ్రంథమెత్తి మూడు పుటలు గర్జించెను. మాణిక్యం లేచి, చేతులు జోడించి, "ఒప్పుకుంటున్నానండీ. నేను చదివింది కూడా అచ్చం ఇదే వరసలో ఉంది!" అనెను.

జయము, జయము! పదకొండుగురు సభాసదులు చప్పట్లు చరచిరి. ఒక్కరికిని ఒక్క ముక్క అర్థము కాలేదు.