టర్కీ కోడి మర్యాద

“వెండెల్ ప్రాట్ కళ్లుగప్పి తప్పించుకోగల నేరస్థుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!” అని ప్రకటించాడు వెండెల్ ప్రాట్. తర్వాత కళ్లజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

“నెత్తిమీదుంది,” అంది ఆర్లిస్.

ఆమెకు నవ్వే ఓపిక లేదు. మినియాపొలిస్‌లోని ఆ చిన్న ఆఫీసులో ఆమె, వెండెల్, గస్ కలిసి ఆసుపత్రి నర్సుల కోసం బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం తయారుచేశారు. పొద్దున చురుగ్గా నడిచేది మధ్యాహ్నానికి బరువెక్కి బిగుసుకుపోతోంది. ఇవాళ ఆసుపత్రి వాళ్లు వచ్చి కళ్లారా చూస్తారు. మళ్లీ బిగుసుకుంటే ముగ్గురి ఉద్యోగాలూ పోయినట్టే.

ప్రోగ్రాం అంతా మాడ్యూళ్లనే విడివిడి భాగాలు. మందుల పేజీ తెరిస్తే ఆ మాడ్యూల్ వచ్చి మెమరీలో కూర్చుంటుంది. మూసేస్తే లేచి, చోటు ఖాళీ చేయాలి. కానీ లోపల ఇంకెవరైనా దాన్ని పట్టుకుని ఉంటే కదలదు. ఆ పట్టుకున్నదెవరో దొరకడం లేదు.

“ఇది అపహరణ,” అన్నాడు వెండెల్ గొంతు తగ్గించి. “గస్! నిన్న మందుల మాడ్యూల్ మాయమైన వేళ నువ్వెక్కడున్నావు?”

“అది మాయం కాకపోవడమేగా మన బాధ! భోజనాల గదిలో ఉన్నా. నేను తెచ్చుకున్న హాట్‌డిష్ కూరలో బంగాళదుంపలన్నీ ఏరుకు తిన్నావు కదరా!”

“సాక్షి ఉన్నాడా?”

“నువ్వేరా ఆ సాక్షివి!”

“ముద్దాయి తెలివైనవాడు,” అని వెండెల్ గొణుక్కున్నాడు. వేలిముద్రల కోసం డోనట్ మీది పంచదార పొడిని ఆర్లిస్ కీబోర్డు నిండా చల్లాడు.

“నా కీబోర్డు!”

“పార్కింగ్‌లో మంచు మీద అడుగుజాడలు కూడా చూడాలి,” అంటూ కోటు, ఉన్ని చేతితొడుగులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “సరే మరి.”

“సరే మరి.”

“జాగ్రత్తగా ఉండు.”

“నువ్వూ,” అంది ఆర్లిస్.

“మీ అమ్మగారిని అడిగానని చెప్పు.”

ఆ ప్రాంతంలో వీడ్కోళ్లు అలాగే సాగుతాయి. ముందు కదిలినవాడు మర్యాద తప్పినవాడు. ఆర్లిస్‌కు చిన్నప్పటి నుంచీ అదే భయం. వెళ్లిపోవడమంటే ఎదుటివాళ్లను వద్దనుకోవడమేనని ఆమె లోపల ఎవరో చెబుతూనే ఉంటారు. అందుకే పని అంతా అలా ఉండగా, తనూ గుమ్మం దగ్గరే నిలబడి తలాడిస్తోంది.

“అయ్యో, నీ కీబోర్డు తుడవలేదు!” అంటూ వెండెల్ వెనక్కి పరుగెత్తుకొచ్చి, చేతితొడుగుతో మీటలన్నీ ఒక్కసారే అదిమేశాడు.

తెర మూలన ఒక టర్కీ కోడి ప్రత్యక్షమైంది. తలపై టోపీ. వంగి వంగి దండాలు పెడుతూ, “ముందు మీరు బయల్దేరండి!” అంటోంది.

“వెండెల్! థాంక్స్‌గివింగ్‌కి సరదాగా పెట్టావే, ఆ కోడి కదూ? పండగవగానే తీసేయమన్నాను!”

“మీటలన్నీ కలిపి నొక్కితే తప్ప కనబడకుండా దాచాను. తీసేయడానికి మనసొప్పలేదు. దాని పేరు బెర్నీస్.”

ఆర్లిస్ కోడ్ తెరిచింది. తెర మీద కనబడకపోయినా కోడి పని మానలేదు. మూసిన ప్రతి మాడ్యూల్‌నూ పట్టుకుని వీడ్కోలు చెబుతూనే ఉంది.

“మాడ్యూల్ వెళ్లాకే ఇది వదులుతుందా?”

“మరి అతిథి గడప దాటకుండా మనం లోపలికెలా పోతాం?”

“నువ్వు వదిలితేనే కదయ్యా అది వెళ్లేది!”

వెండెల్ కళ్లజోడు సర్దుకున్నాడు. “నేను మొదటి నుంచీ కోడినే అనుమానించాను,” అన్నాడు.

ఆర్లిస్ బెర్నీస్‌ను చెరిపేసింది. పేజీలు తెరిచి మూసింది, మళ్లీ తెరిచి మూసింది. పెరుగుతూ పోయే మెమరీ గీత ఈసారి కిందికి వాలింది.

ఆసుపత్రి వాళ్లు వచ్చి, మధ్యాహ్నమంతా నొక్కి చూశారు. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టి, గుమ్మంలో నిలబడి అందరి యోగక్షేమాలూ అడిగి, చివరికి వెళ్లారు.

సాయంత్రం వెండెల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “మరో ఘోర నేరం నా మేధస్సు ముందు మోకరిల్లింది. సరే మరి, ఆర్లిస్.”

“సరే మరి.”

“జాగ్రత్తగా...”

ఆర్లిస్ ఒక్క క్షణం అతని ముఖం చూసింది. తర్వాత అతని చంక కింద నుంచి దూరి, మంచులోకి నడిచి వెళ్లిపోయింది. ఆకాశమేమీ విరిగిపడలేదు.

వెనక వెండెల్ తలుపు పట్టుకునే ఉన్నాడు. “గస్,” అన్నాడు అనుమానంగా, “ఈవిడ దేని నుంచి పారిపోతున్నట్టు?”