తడిగుడ్డ కింద అమ్మ

ఆ ప్రాథమికోన్నత పాఠశాలలో పిల్లలు చేసిన మట్టిబొమ్మ ఆరిందంటే చాలు, దానికి రెండు వేల ఏళ్లు నిండిపోతాయి. ఎందుకలా అని ఊళ్లో ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు. పాతకాలం వస్తువులన్నీ ప్రభుత్వానివే కాబట్టి, ప్రతి శనివారం ప్రాచీన వస్తువుల కార్యాలయం నుంచి అచ్యుతరామయ్య గారనే అధికారి జీపులో వచ్చి, ఆరినవాటికి నంబర్లు వేసి, దూదిలో చుట్టి పట్టుకుపోతారు. తడి ఆరేదాకా బొమ్మ పిల్లలది, ఆరాక కార్యాలయానిది అని నోటీసు బోర్డు మీద అంటించారు కూడా.

దమయంతి టీచర్ పాత నాగరికతల పాఠాన్ని బంకమట్టితో చెబుతుంది. పిల్లలు ఎద్దులు, బండ్లు, ముద్రలు చేస్తారు. ఒకడు వాళ్ల నాన్న షేర్ ఆటో చేస్తే, అది 'మూడు చక్రాల రాజరథం'గా నమోదైంది. దాని మీద ఇద్దరు పండితులు వ్యాసాలు రాసుకుని, మాటలు మానేశారు.

ఐదో తరగతి ఎస్తేరు మాత్రం వాళ్లమ్మను చేసింది. అమ్మ పోయి ఏడాదిన్నర. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నావిడను ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేరు. అందుకని వారం రోజులు కష్టపడి, కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని చేప కోస్తున్న అమ్మను, చిరిగిన ఎడమ చెవి తమ్మెతో సహా చేసింది. వాళ్ల నాన్న వచ్చి చూసి, వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.

"మాతృదేవత," అన్నారు అచ్యుతరామయ్య గారు ఫారం నింపుతూ. "చేతిలో చేప. చెవి చీల్చుకునే ఆచారం ఉండేదన్నమాట."

"దేవత కాదండీ, మా అమ్మండీ," అంది ఎస్తేరు. "చెవి బస్టాండులో చిరిగిందండీ. కమ్మ లాక్కుపోయాడెవడో."

"అయ్యుండొచ్చమ్మా. ఈ ఫారంలో అమ్మకి గడి లేదు." ఆయన మంచివాడే. బొమ్మను వేలితో తాకి, "ఇంకా తడిగానే ఉందిలే, వచ్చే వారం చూద్దాం," అని వెళ్లిపోయారు.

ఎస్తేరు బొమ్మ మీద తడిగుడ్డ కప్పింది. పొద్దున, మధ్యాహ్నం, బడి వదిలాక నీళ్లు చల్లింది. మూడు శనివారాలు అచ్యుతరామయ్య గారు వచ్చి, తాకి, 'ఇంకా ప్రాచీనం కాలేదు' అని రాసుకుని వెళ్లారు. కానీ నీళ్లు మట్టి గుణం మార్చవు కదా. మొదట చెవి తమ్మె కరిగింది, తర్వాత ముక్కు జారింది. మళ్లీ దిద్దుదామంటే, ముక్కు ఎలా ఉండేదో బొమ్మను చూసే గుర్తు తెచ్చుకోవాలి. బొమ్మకేమో ముక్కు లేదు.

"ఇంక తడపకే తల్లీ," అంది టీచర్. "కళ్లన్నా మిగలనియ్యి."

"మిగిలితే ఆళ్లు పట్టుకెళ్లిపోతారు గదండీ."

"పట్టుకెళ్తారు."

ఎస్తేరు చాలాసేపు గుడ్డ పట్టుకునే కూర్చుంది. తర్వాత దాన్ని తీసేసి, బొమ్మను కిటికీలో ఎండకు పెట్టింది. భోజనాల బెల్లు కొట్టేసరికి వాళ్లమ్మ శాతవాహనుల కాలానిదైపోయింది.

మరుసటి ఏడు ఆ బొమ్మ ఆరో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో పడింది. క్వార్టర్లీ పరీక్షలో 'చిత్రంలోని స్త్రీ ఎవరు?' అని రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. ఎస్తేరు 'మా అమ్మ కరుణమ్మ. బొమ్మిడాయిల చేపల పులుసు బాగా చేస్తుంది' అని రాసింది. పేపరు దిద్దింది దమయంతి టీచరే. సున్నా చుడుతూ ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే చుట్టింది.

హాఫ్ ఇయర్లీలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఎస్తేరు 'మాతృదేవత, పేరు తెలియదు' అని రాసింది. రెండుకు రెండూ వచ్చాయి. వాళ్ల నాన్న ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, "ఈసారి బాగా చదివావమ్మా," అన్నాడు.