కెరెసియా అవ్వకు సాధికారత నేర్పిన విధం

ఈ లోకంలో ఉద్ధరింపబడటం కన్నా గొప్ప సుఖం లేదు. ఒప్పుకోరా? అయితే మీ ఊరికింకా వర్క్‌షాపు రాలేదన్నమాట! మా ఊరు మ్హొండొరోకు వచ్చింది.

మా కెరెసియా అవ్వ ఎంబిరా వాయిస్తుంది. చెక్కకు బిగించిన ఇనుప మీటలను ఆమె బొటనవేళ్ళతో మీటుతుంటే పోయిన పెద్దలు కూడా వచ్చి కూర్చుంటారని మా నమ్మకం. మొగుళ్ళు పోయి దిక్కుతోచక ఉన్న ఆడవాళ్ళను పోగుచేసి, అవ్వ వాళ్ళకూ ఆ విద్య నేర్పింది. పక్కింటి మటియాసి తాత చెక్కలు తొలిచి ఇచ్చేవాడు. వీళ్ళు మీటలు సాగగొట్టి, బిగించి, రాజధాని హరారే దాకా అమ్మేవారు. ఆ రాబడితో ఊళ్ళో పిండిమర పెట్టారు. అంతవరకూ వాళ్ళ ముఖం చూడని మరుదులు "వదినా, నా మూట ముందు వెయ్యవూ!" అంటూ వరసలు కలపసాగారు.

చూశారా వెనకబాటుతనం! ఇంతా చేసి, చేసినదాన్ని ఏమనాలో వాళ్ళకు తెలీదు.

ఆ కొరత తీర్చడానికే రాజధాని నుంచి వర్క్‌షాపు పెట్టే ట్రైమోర్ గారు దిగారు. దీన్ని "కల్చరల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్" అంటారని చెప్పారు. పేరు తెలిశాక ఆడవాళ్ళంతా పని ఆపి శిక్షణకు రావద్దూ? వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. పొద్దున ఆత్మవిశ్వాసం, మధ్యాహ్నం నాయకత్వం. పిండిమర మూతపడింది. ఊరు రోళ్ళు బయటికి తీసింది. భుజాలకు మంచిదే కదా!

అవ్వ వాయిద్యంలోనూ ఆయనకు లోపం దొరికింది. దాని చెక్కకు సీసా మూతలు కొట్టి ఉంటాయి, మీటినప్పుడల్లా గరగరమంటాయి.

"అవ్వా, ఆ గరగర తీసేస్తే రికార్డింగు శుభ్రంగా వస్తుంది."

"గరగర ఉంటేనే పెద్దలకు వినబడేది నాయనా. పోయినవాళ్ళకు చెవుడెక్కువ."

"పాట కూడా మరీ పొడుగు. మూడు నిమిషాలకు కుదిద్దాం."

"సరే. ఆ మూడు నిమిషాల్లోనే వచ్చి పొమ్మని మీ తాతకు నువ్వే చెప్పుకో!"

ఇలా సాధికారత జోరుగా సాగుతుండగా ఒకరోజు మటియాసి తాత కన్నుమూశాడు. కూతురు షువాయి పరుగున వచ్చి హాలు గుమ్మంలో నిలబడి అవ్వను పిలిచింది.

"అత్తా, మా నాన్న పోయాడు. ఆయన దగ్గర వాయించేవాళ్ళు ఒక్కరూ లేరు."

ట్రైమోర్ గారు చెడ్డవారు కాదు. మైకు కిందికి దించి మెత్తగా అన్నారు: "చాలా బాధగా ఉందమ్మా. భోజనాలయ్యాక 'సంప్రదాయ పరిరక్షణ' పాఠం ఉంది. అది కాగానే అందర్నీ పంపిస్తాను."

అవ్వ లేచింది. "వాళ్ళ నాన్న చెక్క తొలిచి ఇవ్వకపోతే మా చేతుల్లో ఏముండేది బాబూ? నీ పాఠం నువ్వు కానివ్వు. మేం వెళ్ళి పరిరక్షించి వస్తాం."

ఆమె వెనకే అందరూ లేచారు. హాల్లో కుర్చీలు, మైకు, ట్రైమోర్ గారు మిగిలారు. కాసేపటికి ఆయనా బయల్దేరారు.

పొద్దుట్నుంచీ షువాయి కంట చుక్క రాల్లేదు. చావింట్లో తండ్రి తొలిచిన చెక్కలు ఒక్కసారిగా గరగరమనేసరికి కట్ట తెగినట్టు ఏడ్చింది. ట్రైమోర్ గారు ఫోను తీయబోయారు. పక్కనున్న ముసలమ్మ దాన్ని లాక్కుని, గింజలు పోసిన సొరబుర్రను ఆయన చేతిలో పెట్టింది.

"శవం దగ్గర కొయ్యలా నిలబడతావేం? ఆడించు!"

ఆడించారు. మొదట తాళం తప్పింది, తర్వాత కుదిరింది. ఆయనా ఎవరో ఒక అవ్వ ఒళ్ళో పెరిగినవాడేగా! కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

తర్వాత ఆయన ఆఫీసువాళ్ళు ఘనంగా ప్రకటించారు: తమ శిక్షణ వల్ల మ్హొండొరో మహిళలు సొంతంగా నిర్ణయం తీసుకునే స్థాయికి ఎదిగారట! కాదంటామా? వాళ్ళ హాల్లోంచేగా లేచి వచ్చారు! ఈ విజయాన్ని నిలబెట్టడానికి మరో విడత శిక్షణ పెడతాం, రమ్మని కబురు చేశారు.

అవ్వ ఎంతో మర్యాదగా జవాబు పంపింది.

"తప్పకుండా వస్తాం. ఊళ్ళో ఎవరూ పుట్టని, ఎవరూ చావని, ఎవరికీ ఆకలెయ్యని రోజు చూసి పెట్టండి."