సగం పువ్వు కింద కాపురం

ఇల్లు మొత్తం తనదే అయినవాడంత దురదృష్టవంతుడు ఈ డబ్లిన్‌లో ఇంకొకడు లేడని నా నిశ్చితాభిప్రాయం! పాపం, అన్ని గదులూ వాడే ఊడ్చుకోవాలి.

నన్ను చూడండి. ఎప్పుడో ఒక ఇంగ్లిష్ దొర కట్టించిన విల్లాలో ఉంటున్నాను. అంటే, అందులో ఒక ముక్కలో. ఓనరు డొలన్ గారు పలచటి చెక్క గోడలు పెట్టి దాన్ని వాటాలు చేశారు. మా హాలు సీలింగుకి సున్నంతో చేసిన పెద్ద పువ్వుంది. గోడ సరిగ్గా దాని మీదుగా పోయింది. సగం రేకులు మావి, సగం పక్క వాటాలో ఉండే మన తెలుగు నర్సు మార్తా గారివి. ఆవిడ తుమ్మితే మా ఆవిడ వసుంధర ఇటునుంచి ‘చిరంజీవ’ అంటుంది. ఇంత ఇరుగుపొరుగు మీకుందా?

మా మెట్లు మహా ఠీవిగా పైకెళ్లి గోడకు తగిలి ఆగిపోతాయి. చెప్పులూ, బియ్యం బస్తా వాటిమీదే పెట్టుకుంటాం. మోకాళ్లకు ఇంతకన్నా మేలు చేసే మెట్లు ఏ ఇంట్లో ఉన్నాయి? బాత్రూంలో పాలరాతి ఫైర్‌ప్లేస్ కూడా ఉంది. సిమెంటుతో మూసేశారు లెండి. అయినా స్నానం చేస్తూ చూసుకోవచ్చు కదా!

ఇక గృహప్రవేశం. సింహద్వారంలోనే కుడికాలు పెట్టాలని పురోహితుడు వీడియో కాల్‌లో పట్టుబట్టారు. సింహద్వారమేమో మార్తా గారి వాటాకి వెళ్లింది. మాది ఒకప్పటి పనివాళ్ల పక్కతలుపు. అందుకని టాలా ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చిన ఆవిణ్ణి బతిమాలి, పాలగిన్నెతో ఆవిడ ఇంట్లో కుడికాలు పెట్టి, వెనక్కి తిరిగి, చెత్త డబ్బాల పక్కగా చుట్టూ తిరిగొచ్చి మా ఇంట్లో పాలు పొంగించాం. ఒకే ముహూర్తానికి రెండిళ్లలో ప్రవేశించిన ఘనత మాది.

మొన్న డొలన్ గారు టేపు పట్టుకుని వచ్చారు. మా హాలుకు అడ్డంగా ఇంకో గోడ కడతారట. కిటికీ ఉన్న సగం కొత్తవాళ్లకి. ఆ సగంలోనే మా ఆశ్రిత మంచం ఉంది.

“పిల్లని ఎక్కడ పడుకోబెట్టమంటారో అడగండి,” అంది వసుంధర, తెలుగులో.

నేను ఇంగ్లిష్‌లో గొంతు సవరించుకున్నాను. ఈలోగా ఆయనే నేను డాక్‌ల్యాండ్స్ ఆఫీసులో ఏం పని చేస్తానని అడిగారు. మురిసిపోతూ చెప్పాను. ఒకే కంప్యూటర్‌ని ముక్కలు చేసి పదిమందికి అద్దెకిస్తామనీ, ఎవరికి వారు అదంతా తమదే అనుకునేట్టు చూసుకోవడమే నా ప్రతిభ అనీ!

డొలన్ గారు నా భుజం తట్టారు. తానూ చేస్తున్నది అదేననీ, నాకు వేరే చెప్పాలా అనీ నవ్వారు. నేను ఇక్కడివాళ్లలాగే “గ్రాండ్” అన్నాను, అంటే ‘భేషుగ్గా ఉంది’ అని.

ఆయన కారు మలుపు తిరిగాక నాకు జవాబు తట్టింది. సిగ్గూ కోపమూ కలిసి వసుంధర మీదే అరిచాను: “నా కంప్యూటర్ ముక్కల్లో ఎవరూ కాళ్లు చాపుకుని పడుకోరు. ఇక్కడ నా కూతురు పడుకోవాలి!”

గోడ అవతలి నుంచి మార్తా గారు అన్నారు.

“ఆ మాట ఆయనున్నప్పుడు అనాల్సింది, అన్నయ్యగారూ.”