సింపుల్ సెంటెన్సులో మంత్రిగారెక్కడ?

బూదిగుట్ట మండలంలో ప్రతి రైతూ ఇరవై ఒక్క రోజుల్లో ఇంగ్లీషులో సింపుల్ సెంటెన్సు రాస్తాడనీ, ఆపైన కాంపౌండ్ సెంటెన్సు కూడా రాస్తాడనీ, రాయని పక్షంలో తాను రాజకీయాల నుంచి తప్పుకుంటాననీ చిన్న నీటిపారుదల శాఖ మంత్రి విష్ణువర్ధన్ గారు ప్రకటించారు. మూడో మాటకు చప్పట్లు కాస్త ఎక్కువ పడ్డాయి. మంత్రిగారు దాన్ని ప్రజాభిమానంగా స్వీకరించారు.

గుమ్మఘట్ట దాటాక, బస్సు కండక్టరు సగం తెలుగులో సగం కన్నడంలో టికెట్ అడిగే చోట ఉంటుంది బూదిగుట్ట. మూడేళ్లుగా అక్కడ వాన పడలేదనడం అన్యాయం. పడింది. తారు రోడ్డు మీద పడింది. చేలల్లో పడలేదు, అంతే. ఇప్పుడు ఢిల్లీ నుంచి కరువు బృందం వస్తోంది. వాళ్లు కరువు మండలమని రాసుకుంటే నీళ్ల ట్యాంకర్లు వస్తాయి, పశువులకు గడ్డి వస్తుంది.

"మనోళ్లంతా అర్జీల్లో తెలుగులో ఏడుస్తాండారు," అన్నారు మంత్రిగారు మైకులో. "ఢిల్లీ వాళ్లకు తెలుగులో ఏడిస్తే ఏం తెలుస్తాది? ఇంగ్లీషులో ఏడవల్ల! గ్రామర్ తప్పుల్లేకుండా ఏడవల్ల!"

ఇంతటి దూరదృష్టి గల మాటను హైస్కూలు ఇంగ్లీషు టీచర్ సుల్తానా వెనక వరసలో కూర్చుని విన్నది. ఈ పథకానికి ఇన్‌చార్జి ఎవరో పాపం అని ఆమె అనుకుంటూ ఉండగానే మైకులో తన పేరు వినిపించింది.

శాలువా కప్పింది బయ్యన్న. ఆయన పార్టీ మండల కన్వీనరు, కాంట్రాక్టరు కూడా. కప్పుతూ చెవిలో చెప్పాడు: "నూటికి నూరు శాతం చేసి చూపీండి మేడం. సోమందేపల్లెకు మీ ట్రాన్స్‌ఫర్ నా పూచీ."

సుల్తానా భర్త తౌఫిక్‌కు సోమందేపల్లెలో హైవే పక్కన టైర్ల షాపుంది. ఐదేళ్లుగా ఆమె అతనికి ఆదివారం భార్య. అందుకే శాలువా తీసి ఇవ్వలేకపోయింది.

వేరుశనగ విత్తనాల గోడౌన్ ఖాళీగా ఉంది కాబట్టి క్లాసు అందులో పెట్టారు. విత్తనాలు రాకపోవడం వల్ల చదువు వచ్చిందని మర్నాడు పేపర్లో బయ్యన్న ప్రకటన పడింది.

మొదటి రోజు నలభై మంది దాకా వచ్చారు. ముందు వరసలో చెన్నమ్మ కూర్చుంది. యాభై దాటిన మనిషి. మూడో తరగతి దాకా చదివింది. నాలుగెకరాల మెట్ట, మూడు బోర్లు, మూడూ ఎండిపోయాయి.

"సింపుల్ సెంటెన్సంటే ఒకే సంగతి," అంది సుల్తానా బోర్డు మీద రాస్తూ. "ఒక కర్త, ఒక క్రియ. అటూ ఇటూ పోకూడదు."

"మాకుండేదే ఒక్క సంగతి కదా మేడం," అంది చెన్నమ్మ.

నాలుగో రోజుకు చెన్నమ్మ లేచి నిలబడి నోట్‌బుక్కు చూసి చదివింది: "మై బోర్ ఈజ్ డ్రై." చదివి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బోరు ఎండిందని చెప్పి నవ్వడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. పక్కనున్న లక్ష్మన్న "మై గ్రౌండ్‌నట్ ఈజ్ డెడ్" అన్నాడు. ఆంజినప్ప తన ఆవును అమ్మేసిన సంగతి నాలుగే మాటల్లో చెప్పాడు. తెలుగులో అదే సంగతి చెప్పడానికి ఆయనకు పొద్దంతా పట్టేది.

వారం తిరిగేసరికి బయ్యన్న తనిఖీకి వచ్చాడు.

"సింపుల్ అయిపోయినట్లే. ఈ కాంపౌండ్ ఎన్నడుగుల ఎత్తు మేడం?"

"గోడ కాదన్నా. రెండు వాక్యాలను కలిపితే కాంపౌండ్ సెంటెన్సు."

"దేంతో కలుపుతారు?"

"అండ్, బట్, సో అని చిన్న మాటలుంటాయి. అయితే రెండు వాక్యాలూ దేనికది సొంతంగా నిలబడగలగాలి. అట్లాంటివే కలపాలి."

బయ్యన్న తల అడ్డంగా ఊపాడు. "సొంతంగా నిలబడేటోళ్లను మా పార్టీలో కలుపుకోం మేడం. పొత్తు చెడిపోతాది."

పదో రోజు గెస్ట్ హౌసులో సెంటెన్సుల సమీక్షా సమావేశం జరిగింది. స్పెషల్ ఆఫీసర్ జయంతి తెర మీద గ్రాఫు చూపించింది. సెంటెన్సుల దిగుబడి పైకి పోతోంది. ఆ మండలంలో దిగుబడి పైకి పోతున్న గ్రాఫు చూసి అందరి మనసులూ నిండాయి. తర్వాత ఆమె ఒక్కొక్క వాక్యాన్నీ మంత్రిగారికి తెలుగులో చెప్పసాగింది.

"బోరు ఎండిపోయింది సార్."

"ఊఁ."

"ఆవును అమ్మేశారు సార్."

"ఊఁ."

"వేరుశనగ చేను మాడిపోయింది సార్."

మంత్రిగారు కాఫీ కప్పు కింద పెట్టారు. ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది. "అన్నీ బాగుండాయమ్మా. వీటిల్లో నేను యాడుండా?"

అందరూ చివరి కుర్చీలో ఉన్న సుల్తానా వైపు చూశారు.

"సింపుల్ సెంటెన్సులో ఒకటే సంగతి పడుతుంది సార్," అందామె.

"ఒకటే పడితే నన్నే పెట్టండి. మంత్రి మంచోడని రాయమను."

"అది చదివి ఢిల్లీ వాళ్లు ట్యాంకర్లు పంపరు సార్."

జయంతి కల్పించుకుంది. "కాంపౌండుకు పోదాం సార్. అందులో బోరూ ఉంటుంది, మీరూ ఉంటారు."

మంత్రిగారి ముఖం వెలిగింది. వ్యాకరణం ఇంత ప్రజాస్వామికమని తనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదని ఆయన ఆవేదన వ్యక్తం చేశారు.

ఏ మాటతో కలపాలో తేల్చడానికి అక్కడికక్కడే కమిటీ వేశారు. 'అండ్' కుదరలేదు. బోరు ఎండింది, మంత్రి వచ్చారు అంటే ఒకే ఊరికి రెండు కష్టాలు వచ్చినట్టుంది. 'ఆర్' అంటే ఇది కాకపోతే అది అని అర్థం; ఎన్నికలు దగ్గర్లో ఉండగా జనానికి ఆ అలవాటు మంచిది కాదు. 'సో' బాగుందన్నారు గానీ, ప్రయోగాత్మకంగా ఆంజినప్పను పిలిపించి రాయిస్తే "మినిస్టర్ కేమ్, సో మై బోర్ ఈజ్ డ్రై" అని రాశాడు. వ్యాకరణం తప్పు లేదు. ఆంజినప్ప పేరు మాత్రం జాబితాలోంచి తీసేశారు.

'బట్' ఏకగ్రీవంగా ఎన్నికైంది. సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. వాక్యంలో ఒక సగం రైతు స్వేచ్ఛ. రెండో సగాన్ని శాఖే ఉచితంగా సరఫరా చేస్తుంది: "అవర్ మినిస్టర్ ఈజ్ వర్కింగ్ డే అండ్ నైట్." బోరు ఎండింది, కానీ మా మంత్రి రాత్రింబవళ్లు పనిచేస్తున్నారు.

మర్నాడు సుల్తానా బోర్డు మీద ఆ వాక్యం రాసింది. చెన్నమ్మ దాని మధ్యలోని మాట వైపు వేలు చూపించింది.

"బట్ అంటే ఏం మేడం?"

"కానీ."

"కానీ అంటే, ముందర చెప్పింది పక్కన పెట్టుమని కదా?" అంది చెన్నమ్మ. "మా ఇంటాయన గూడా అంతే. నువ్వు చెప్పేది నిజమే కానీ, అంటాడు. ఆ కానీ తర్వాత ఏం చెప్పినాడో అదే నడుస్తాది ఇంట్లో. నేను చెప్పింది యాడ పోతాదో ఏమో."

పదిహేనేళ్లుగా సుల్తానా కాంపౌండ్ సెంటెన్సు చెబుతోంది. ఈ సంగతి ఏ పిల్లాడూ అడగలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. గోడౌన్ వాకిట్లో బయ్యన్న ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆమెకు సోమందేపల్లె గుర్తొచ్చింది. షట్టరు దించి, ఒక్కడే టిఫిన్ డబ్బా తెరుచుకునే తౌఫిక్ గుర్తొచ్చాడు. ముందు వరసలో చెన్నమ్మ ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది.

"కాంపౌండ్ సెంటెన్సులో ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చి రాసినా గ్రామర్ తప్పు కాదు," అంది సుల్తానా మెల్లిగా. బోర్డు తుడిచేసింది.

చెన్నమ్మ నోట్‌బుక్కు మీదకు వంగింది. లేచి చదివింది: "అవర్ మినిస్టర్ ఈజ్ వర్కింగ్ డే అండ్ నైట్, బట్ మై బోర్ ఈజ్ డ్రై."

"కరెక్టేనా మేడం?"

"కరెక్టే అక్కా."

"పదికి ఎన్ని?"

"పది."

తక్కినవాళ్లు కూడా అట్లాగే రాశారు. బయ్యన్న వచ్చి ప్రతి కాగితమూ ఎత్తి చూశాడు. "రెండు ముక్కలూ ఉండాయి, మధ్యలో బట్టూ ఉండాది. మంత్రిగారి పేరు మొదట్లోనే పెట్టినారు. అదీ మర్యాదంటే!" అని ముద్ర వేసి, అన్నిటినీ లామినేషన్ చేయించాడు.

ఢిల్లీ బృందం మూడు కార్లలో వచ్చింది. బృందానికి పెద్ద ఒక నెరిసిన గడ్డపాయన. మంత్రిగారు లామినేషన్ ఫైలు స్వయంగా ఆయన చేతికిచ్చారు. "ఫార్మర్స్ ఇంగ్లీష్, సార్!" ఆయన ఫైలును తెరవకుండానే కారు బానెట్ మీద పెట్టి, నేరుగా చెన్నమ్మ చేలోకి నడిచాడు.

"ఏమ్మా, బోర్లో నీళ్లుండాయా?" అన్నాడు.

మంత్రిగారు, జయంతి, బయ్యన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పేరు అతావుల్లా. పుట్టింది కదిరి. ముప్పై ఏళ్ల నుంచీ ఢిల్లీ ఉద్యోగం. ఈ సంగతి తెలుసుకోవడం ఎవరి పనో ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

చెన్నమ్మ ఏ భాషలో చెప్పాలో తెలియక సుల్తానా వైపు చూసింది. ఈలోగా జయంతి పరుగున వచ్చింది.

"సార్, దయచేసి ఇంగ్లీషులో అడగండి. ఇది హండ్రెడ్ పర్సెంట్ ఇంగ్లీషు మండలం."

"వీళ్లు తెలుగోళ్లే కదమ్మా?"

"మొన్నటిదాకా సార్."

అతావుల్లా ఆమెను ఒకసారి చూసి, మళ్లీ చెన్నమ్మ వైపు తిరిగాడు. "నాకూ తెలుగొస్తాది, నీకూ వస్తాది. చెప్పమ్మా."

"లేవు సార్," అంది చెన్నమ్మ.

మోటారు వేసి చూపించింది. అది కాసేపు గాలి పీల్చి, దగ్గి, ఆగిపోయింది. ఆయన వంగి ఇంత మట్టి తీసి నలిపి చూశాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. కారు కదిలేటప్పుడు బానెట్ మీది ఫైలు జారి కింద పడింది. బయ్యన్న దాన్ని తీసి, దుమ్ము తుడిచి, కళ్లకద్దుకున్నాడు.

రెండు వారాలకు జాబితా వచ్చింది. బూదిగుట్ట కరువు మండలమే. ఆ మధ్యాహ్నమే బస్టాండులో పెద్ద ఫ్లెక్సీ లేచింది: "మన మండలానికి కరువు సాధించిపెట్టిన మంత్రివర్యులకు కృతజ్ఞతాభివందనములు." కింద బయ్యన్న ఫోటో, నమస్కారం పెడుతూ.

సన్మాన సభలో మంత్రిగారు కరువు రావడానికి ఇంగ్లీషే కారణమని వివరించారు. ఈ పథకాన్ని చూసి పక్క మండలాలు ఈర్ష్య పడుతున్నాయన్నారు. తర్వాత సుల్తానాను పిలిచి ఇంకో శాలువా కప్పారు.

"ఇంత గొప్ప టీచరమ్మను సోమందేపల్లెకు పంపమని కొందరు నన్ను అడిగినారు. నేను ఒప్పుకుంటానా? ఈ మండలం దిక్కులేనిదైపోదా? ఇంకో ఐదేళ్లు ఈడనే ఉంటాది!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా బయ్యన్న కొట్టాడు. సుల్తానా నమస్కారం పెట్టి వచ్చి కూర్చుని, ఫోను తీసి తౌఫిక్‌కు 'ఆదివారం వస్తా' అని మెసేజ్ పెట్టింది.

చివరికి చెన్నమ్మను వేదిక మీదకు పిలిచారు. ఢిల్లీ అధికారికి ఇంగ్లీషులో ఎదురు నిలిచి జవాబు చెప్పిన ధీరవనితగా జయంతి ఆమెను పరిచయం చేసింది. మైకు చేతికిచ్చి, "రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడమ్మా," అంది.

చెన్నమ్మ మైకును రెండు చేతులా పట్టుకుని మంత్రిగారి వైపు తిరిగింది. ఆయన ఫోన్లో ఎవరికో ఏదో టైపు చేస్తున్నారు.

"సార్, మాకు కరువొచ్చిందని పేపర్లో వేసినారు. మంచిది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తాది సార్?"

మంత్రిగారు ఫోను జేబులో పెట్టుకుని చటుక్కున లేచారు. "విన్నారా! ఏం ఇంగ్లీషు! ఏం ప్రొనన్సియేషన్! లండన్లో గూడా ఇట్లా మాట్లాడరు!" అని చప్పట్లు కొట్టారు. వేదిక మీద అందరూ కొట్టారు. వేదిక కింద, కొట్టాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, వాళ్లూ కొట్టారు.

చప్పట్లు ఆగేదాకా చెన్నమ్మ మైకు వదల్లేదు. ఆగినాక, ఈసారి ఇంకాస్త గట్టిగా, మళ్లీ అదే మాట అడిగింది.

మంత్రిగారు మళ్లీ చప్పట్లు కొట్టారు.