తువ్వాలు కింద ప్రకటన

పాడ్‌కాస్టంటే చెవులతో వినేది కదా, దానికి కళ్ళతో చూసే ప్రకటన ఏమిటి, అందులో ఏం చూపించాలన్నది ఎవరిష్టం అన్న సందేహం అంబాజీపేటలో ఆ శనివారం దాకా ఎవరికీ రాలేదు. ఆ ఉదయం శ్రీకళ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వీధి గదిలో బల్ల తుడవాలి. దాని మీద ఒక కొబ్బరినూనె సీసా పెట్టాలి. పదింటికి కొబ్బరి వ్యాపారి రామ్మూర్తిగారిని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించాలి. అంతే. సీసాని కదపకుండా గంట గడపడం కూడా ఒక పనేనా అనుకుంది పాపం.

రెండేళ్ళుగా ఆమె ఆ గదిలోంచే ‘కాలవగట్టు కబుర్లు’ అనే పాడ్‌కాస్ట్ నడుపుతోంది. ఫోను స్టాండుకి బిగించి, వచ్చినవాళ్ళతో మాట్లాడి, బొమ్మతో సహా నెట్‌లో పెడుతుంది. ఓ అరవైమంది చూస్తారు. భర్త శివశంకర్‌కి రొయ్యల మేత కొట్టుంది. గోడౌను కారుతోంది గనక బస్తాలు ఈ గదిలో వేయిస్తానని నెల్లాళ్ళుగా పట్టుబట్టాడు. “ఏ కంపెనీ అయినా నీకు ప్రకటన ఇచ్చిందా, గది నీదే. లేదంటే సోమవారం బస్తాలు దిగుతాయి,” అని తేల్చి చెప్పాడు. రొయ్యల మేత వాసన ఎరిగినవాళ్ళకి ఆ మాట బరువు తెలుస్తుంది. అది ఒకసారి దిగాక ఆ గదిలోకి పిల్లులు తప్ప అతిథులు రారు.

సరిగ్గా అప్పుడే రాజమండ్రి నుంచి ఒక కొబ్బరినూనె కంపెనీ ఉద్యోగి క్రాంతికుమార్ ఫోన్ చేశాడు. ఒక ఎపిసోడ్ లైవ్‌లో పరీక్షగా చూస్తారట, నచ్చితే ఏడాది ఒప్పందమట. సీసా గంటసేపూ బల్ల మధ్యలో ఉండాలి, లేబులు కెమెరా వైపు తిరిగి ఉండాలి, బల్ల మీద ఇంకేమీ ఉండకూడదు. బల్ల మీద పూర్తి అధికారం కంపెనీదే. సెలవు రోజైతే జనం బాగా చూస్తారని శనివారం కూడా వాళ్ళే ఖాయం చేశారు. “అలాగేనండి,” అంది శ్రీకళ. ఆ బల్ల అత్తగారిదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

పదింటికి రామ్మూర్తిగారు వచ్చారు. చేతులూపుకుంటూ రావడం మనవైపు మర్యాద కాదు గనక చక్రకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి తెచ్చారు. శ్రీకళ దాన్ని లోపలికి పట్టుకెళ్ళబోతే అత్తగారు కమలాంబగారు గడపలోనే ఆపేశారు.

“ఆయన కళ్ళముందే లోపల పడేస్తావేటమ్మా? బల్ల మీద పెట్టి, ‘ఇవన్నీ ఎందుకండీ’ అనాలి.”

“బల్ల మీద సీసా ఒక్కటే ఉండాలని కంపెనీవాళ్ళు చెప్పేరండీ అత్తయ్యగారూ.”

“మనింటికొచ్చినాయన ముందు ఏం పెట్టాలో వాళ్ళు చెప్పడమేటి? వాళ్ళు మనకేమవుతారు?”

వాళ్ళు ఏమవుతారో శ్రీకళకీ తెలియదు. అరటిపళ్ళు బల్లెక్కాయి. లైవ్ మొదలైంది. మొదలైన నిమిషానికే చెవిలోని ఇయర్‌ఫోన్‌లో క్రాంతికుమార్ పలికాడు. “మేడమ్, లేబులుకి పళ్ళు అడ్డమొస్తున్నాయండి.” శ్రీకళ నవ్వు చెదరకుండా సీసాని పళ్ళ వెనకనుంచి తీసి, రామ్మూర్తిగారికి జానెడు దూరంలోకి జరిపింది.

కొబ్బరికాయల ఎగుమతి గురించి ధాటిగా చెబుతున్న రామ్మూర్తిగారు టక్కున ఆగిపోయారు. “ఇదేటండీ అమ్మాయిగారూ?”

“కొబ్బరినూనెండి.”

“ఆయ్. మరి ఇయ్యాళ శనివారం కదండీ!”

శ్రీకళ నాలిక్కరుచుకుంది. శనివారం నాడు ఎవరూ నూనె కొనరు, ఒకరి చేతిమీదుగా అసలు పుచ్చుకోరు. పుచ్చుకుంటే ఇచ్చినవాళ్ళ శనిని పుచ్చుకున్నట్టే. అలాంటిది పెద్దమనిషిని పిలిచి, కుర్చీ వేసి, నూనె సీసా ఆయన ముందుకు తోసింది. వారం రోజులుగా లేబులు ఎటు తిరగాలా అని ఆలోచించిందేగాని అది ఏ వారమని ఆలోచించలేదు.

“అబ్బే, మీకు కాదండీ. చూపించడానికేనండీ.”

“ఎవరికండీ? ఎదురుగా ఉన్నది నేనే కదండీ?”

“ఫోనులో చూసేవాళ్ళకండీ.”

“అయితే వాళ్ళ ముందే పెట్టండి. మధ్యాహ్నం నా సరుకు రెండు లారీలు రాజస్థాన్ బయల్దేరతాయండీ. మరోలా అనుకోకండేం,” అంటూ ఆయన సీసాని తాకకుండా, ఎంతో మర్యాదగా, అరటి అత్తాన్ని దాని చుట్టూ తిప్పి నిలబెట్టారు. ఇప్పుడు సీసా మూత మాత్రమే కనిపిస్తోంది.

“మేడమ్! లేబులు పోయింది! మా ఎండీగారు చూస్తున్నారండీ!” అని క్రాంతికుమార్ గోలపెట్టాడు.

“కాస్త ఆగండి,” అని శ్రీకళ పైకే అనేసింది. తననే అన్నదనుకుని రామ్మూర్తిగారు నోరు మూసుకుని చేతులు కట్టుకున్నారు. ముందుగదిలో మాటలు ఆగిపోయేసరికి అతిథికి ఆకలేస్తోందని కమలాంబగారు గ్రహించారు. పెసరట్టు, ఉప్మా పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, పళ్ళు పక్కకి జరిపి, సీసాని చూశారు.

“హవ్వ! శనివారం పూట తమ్ముడుగారి ఎదర నూనె పెట్టేవా? ఇది మన నూనేనా?”

“కాదండీ, కంపెనీది.”

“పరాయి నూనా! నేను ముట్టుకోను. నువ్వూ ముట్టుకోకు. రేపు తెల్లారేదాకా అదక్కడే ఉండాలి.” అంటూనే దండెం మీది ఎర్రగళ్ళ తువ్వాలు లాగి సీసా మీద నిండా కప్పేశారు. “ఇప్పుడు తినండి తమ్ముడుగారూ.”

“ఆయ్,” అని రామ్మూర్తిగారు హాయిగా పెసరట్టు తుంచారు.

“తువ్వాలు తీయించండి మేడమ్. ఒప్పుకున్నారు కదండీ, బల్ల మాదండీ!” క్రాంతికుమార్ గొంతు ఏడుపులోకి దిగింది.

శ్రీకళ తెగించింది. “అత్తయ్యగారూ, ఈ గంటసేపూ బల్ల కంపెనీదటండీ.”

“ఇది మా పుట్టింటి నుంచి పడవ మీద వచ్చిన బల్ల. అప్పుడు మోసినవాళ్ళలో ఆ కంపెనీవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కో.”

శ్రీకళకి ఏడుపొచ్చింది. రెండేళ్ళ కష్టం, ఈ గది, ఈ గోడలకి తాను వేయించిన రంగు, అన్నీ సోమవారంతో సరి. లైవ్ ఆపేద్దామని రెండో ఫోను చేతిలోకి తీసుకుంది. అందులో చూసేవాళ్ళు రాసే వ్యాఖ్యలు కనిపిస్తాయి.

“ఆ తువ్వాలు కింద ఏటండీ?” కువైట్ నుంచి నతానియేలు అనే ఆయన అడిగాడు. గంగాజలమని ఒకరు, కల్లు సీసా అని ఒకరు, పులస పులుసని ఇంకొకరు. ఒకరితో ఒకరు పందేలు కూడా కాస్తున్నారు. శ్రీకళ బయటికి చదవగానే కమలాంబగారు కెమెరాలోకి వంగి, “శనివారం చెప్పకూడదు బాబూ,” అన్నారు. ఆ ఒక్క ముక్కతో అరవైమంది ఆరువందలయ్యారు. పదకొండయ్యేసరికి మూడువేలు దాటారు. పెసరట్టు అయిపోయినా రామ్మూర్తిగారిని ఎవరూ లేవనివ్వలేదు.

లైవ్ ముగుస్తూనే శివశంకర్ కొట్టు వదిలేసి పరుగున వచ్చాడు. “కొట్లో బేరానికొచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారే. అసలు దాని కిందేముంది?”

జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. ఈసారి మాట్లాడింది ఎండీగారే. “అమ్మా, సీసా చూపిస్తే ఎవరూ చూడరు. కప్పితే గంటసేపు మూడువేలమంది దానికేసే చూశారు. ఏడాది ఒప్పందం రాసేసుకుందాం. సీసా కప్పే ఉంచండి, ఆఖర్లో ఒక్కసారి చూపిస్తే చాలు. కానీ మీ బల్ల మీద అధికారం ఎవరిదో ముందు తేల్చండి, కాగితంలో ఆ పేరే వేయిస్తాను.”

భార్యాభర్తలిద్దరూ వంటింటివైపు చూశారు. బస్తాలకి వేరే చోటు చూసుకుంటానని శివశంకర్ అడక్కుండానే చెప్పాడు. శ్రీకళ ఆనందం పట్టలేక అత్తగారిని కౌగలించుకుంది. సోమవారం కాగితం రాగానే కమలాంబగారు కళ్ళజోడు తెప్పించుకుని, ఆసాంతం చదివించుకుని, శనివారాలు కొట్టేయించి మరీ సంతకం పెట్టారు.

సీసా కనపడకపోయినా పేరైనా కనపడాలని కంపెనీవాళ్ళు ఒక ఎత్తు వేశారు. తమ పేరు పెద్దక్షరాలతో అచ్చు వేయించిన ఆరు మెత్తటి తువ్వాళ్ళు బుధవారానికి పంపించారు. గురువారం లైవ్ తెరిచిన క్రాంతికుమార్‌కి బల్ల మీద పాత ఎర్రగళ్ళ తువ్వాలే కనిపించింది. “మేడమ్, మా తువ్వాళ్ళేవండీ?” అన్నాడు నీరసంగా.

అంత మంచి కొత్త తువ్వాళ్ళు ఎవరైనా రోజూ వాడేస్తారా అని కమలాంబగారు వాటిని బీరువాలో పెట్టి, తాళంచెవి బొడ్డులో దోపుకున్నారు.